నా కూతురి పేరున్న దీపం

సోమవారం. మంచు చిక్కగా పడింది. తొట్లు నిండాయి.

వలల దగ్గర పనిచేసేవాళ్ళు రోజూ మంచు ఎలా ఉందో, నీళ్ళు ఏపాటి దిగాయో రాయాలని ఇక్కడ రూలు. ఆ ఒక్క లైను కింద ఏటి రాసుకున్నా ఎవరూ చదవరని వలలు కుట్టే గవరయ్య చెప్పాడు. అందుకే రాస్తున్నాను. నాకు బడి లేదు. పైడి ఏడో తరగతిలో ఉన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. నా చేతిరాత చూసి నవ్వేది. "అమ్మా, నీ అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయే, రేషన్ లైన్లో నిలబడినట్టు" అనేది.

ఇది తేలే కాలేజీ. అందరూ దిబ్బ అంటారు. క్లాసులు, హాస్టళ్ళు, మెస్సు అన్నీ నీళ్ళ మీదే. చుట్టూ ఎంత నీరున్నా తాగడానికి మంచే దిక్కు. తెల్లారుతుండగా సముద్రం మీంచి మంచు వచ్చి వలలకి పట్టుకుంటుంది, బొట్టు బొట్టుగా తొట్లలోకి జారుతుంది. ఎండెక్కాక నేను వలలు దులిపి, తాళ్ళకి పట్టిన ఉప్పు గీకి, చిరుగు కనబడితే గవరయ్యకి కేకేస్తాను. మా ఊరు మునిగిపోయాక ఆడవాళ్ళకి దొరికిన పనుల్లో ఇది మంచిదే.

పని మంచిదని మాత్రం నేనిక్కడికి రాలేదు. నా కూతురి పేరు ఇక్కడే ఉంది.

సందెవేళ ఆడపిల్లలు లైబ్రరీ నించి హాస్టలుకి నడుస్తుంటే గోడలు మాట్లాడతాయి. ఒక్కో పిల్ల దాటినప్పుడల్లా "పైడి దీపం నీకు తోడుంది" అంటాయి. ఆ గొంతు మిషనుది, పైడిది కాదు. అయినా పేరు దానిదే. నేను అన్నం గిన్నె పట్టుకుని ఆ దారిలో మెట్ల మీద కూర్చుంటాను. పేరు వింటూ తింటాను. పిల్లలు దాటుతూ "దీపం అమ్మా, తిన్నారా" అంటారు. నూకరత్నం అనే పేరు నాకుందని ఈ పిల్లలెవరికీ గుర్తులేదు.

ఈ ఆదివారం దీపం రోజు. నాకు కొత్త చీర పంపించారు.

మంగళవారం. మంచు పలచన. తొట్లు సగమే.

దీపం అంటే చింతగింజంత పూస. ఆడపిల్లలందరి మెడలోనూ ఉంటుంది. పిల్ల భయపడి గుండె దడదడ కొట్టుకుందంటే అది ఎర్రగా వెలుగుతుంది, దగ్గర్లో ఉన్న గోడలన్నీ మోగుతాయి, కాపలావాళ్ళు పరిగెత్తుకొస్తారు. పైడి పోయాక చేయించారు.

పైడి ఇక్కడే చదివింది. ఒకడు దాన్ని పాడుచేశాడు. వాడి పేరు నేను రాయను. అది వెళ్ళి పెద్దవాళ్ళతో చెప్పింది. విచారణ జరుగుతున్నన్నాళ్ళూ ఇద్దరికీ ఒకే మెస్సులో అన్నం పెట్టారు. వాడు ఎదురు బల్ల మీద తినేవాడు. వారానికోసారి వచ్చే పడవ కోసం ఆగలేక, చేపలవాళ్ళ తెప్ప ఎక్కి ఇంటికి బయల్దేరింది పైడి. గాలి లేచింది. తెప్ప తిరగబడింది.

దీపం రోజున ప్రిన్సిపాలు గారు, వాడు దాన్ని పాడుచేసిన రాత్రి గురించి, ఏటా ఒకే మాట చెబుతారు. "ఆ రాత్రి పైడి అరిచింది. ఎవరికీ వినబడలేదు. ఇక ఏ ఆడపిల్ల అరుపూ వినబడకుండా పోదు." తర్వాత నా మెడలో దీపం వేస్తారు. ఆ పూటకి గోడల మోత ఆపి ఉంచుతారు. వెనక ఎవరో పెద్ద తాంబాళం మీద కొడతారు. నేను ఉలిక్కిపడతాను, దీపం వెలుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

"ఈసారి తాంబాళం నానే కొడతానప్పా. నువ్వు జడుసుకోవడం సూడాల" అన్నాడు గవరయ్య.

"నీ మొహం చూస్తే చాల్లే, తాంబాళం ఎందుకు" అన్నాను.

బుధవారం. మంచు బాగానే ఉంది. చివరి తొట్టిలో నీళ్ళు పారబోశాను. ఎందుకో కింద రాస్తాను.

వలలు దులుపుతుంటే చివరి తొట్టి వెనక ఒక పిల్ల కూర్చుని ఉంది. మోకాళ్ళు రెండూ చేతుల్తో చుట్టుకుని ఉంది. తాగే నీళ్ళలో దీపం పూస తేలుతోంది.

"ఏటమ్మా ఇది. నువ్వు తాగే నీళ్ళే కదా, అందులో పడేశావేటి" అని గట్టిగానే అన్నాను.

పిల్ల లేవలేదు. పేరు అడిగాను. ఊర్మిళ అంది. రెండో సంవత్సరం. పైమెట్ట ఊళ్ళ పిల్ల, సముద్రం ఇక్కడికొచ్చాకే చూసిందట. నేను పూస తీసి తుడుస్తుంటే అప్పుడు చెప్పింది, ల్యాబులో సీనియర్ తనని ఏం చేశాడో. నాలుగు మాటల్లో చెప్పింది. ఆ నాలుగూ ఇక్కడ రాయలేను.

విన్న వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ.

"మరి దీపం వెలగలేదా అమ్మా?"

పిల్ల నా వైపు చూసింది. కళ్ళల్లో కోపం కూడా లేదు.

"అందరూ అదే అడిగారు. సరే, మీరూ అడిగారు" అని లేచి వెళ్ళిపోయింది.

పూస నా చేతిలోనే ఉండిపోయింది. దాని వెనక చిన్న అక్షరాలు ఉంటాయి. పైడి. నేను చదవగలిగే మాటల్లో మొదటిది అదే.

గురువారం. మంచు లేదు. రేషను నీళ్ళు.

పూస ఇచ్చేద్దామని హాస్టలుకి వెళ్ళాను. వార్డెను కాత్యాయని మేడం తలుపు దగ్గరే పట్టుకున్నారు. మంచావిడే. పిల్లలకి జ్వరమొస్తే దగ్గరుండి గంజి తాగిస్తారు.

"రత్నమ్మ గారూ, ఆ అమ్మాయి మీతో ఏమన్నా చెప్పిందా?"

"చెప్పింది."

"నాతోనూ చెప్పింది. కమిటీకి రాసి ఇచ్చింది. కానీ తను చెప్పిన టైములో దీపం లెక్క నిలకడగానే ఉంది. గుండె వేగం పెరగలేదు సరికదా, ఇంకాస్త తగ్గింది. నిద్రలో ఉన్నట్టుంది. కమిటీ ఏమంటుందంటే, భయపడని మనిషికి బలవంతం ఎలా జరుగుతుంది అని."

"ఆ పిల్ల భయపడలేదని దీపం చెప్పిందా?"

"దీపం చెప్పిందే నమ్మాలని రూలు కదండీ. పైడి దీపం వెలగకపోతే ఏమీ జరగనట్టే లెక్క. అబద్ధపు ఫిర్యాదు కింద మూసేసి, సోమవారం పడవలో ఇంటికి పంపించేస్తారు. దీపం రోజుకి ముందు గొడవలేవీ వద్దంటున్నారు."

"ఆ అబ్బాయి?"

"చదువుకుంటున్నాడు."

"ఎక్కడ తింటున్నాడు?"

మెస్సు ఒకటే అని ఇద్దరికీ తెలుసు.

నేను మెట్లు దిగుతుంటే వెనకనించి, "రత్నమ్మ గారూ, నాకూ నిద్ర పట్టట్లేదండీ" అన్నారు. నాకు పట్టక చాలా ఏళ్ళయింది.

సందెవేళ మెట్ల మీద కూర్చున్నాను. గోడ "పైడి దీపం నీకు తోడుంది" అంది. గిన్నె మూత పెట్టేశాను.

శుక్రవారం. మంచు కొంచెం. తొట్ల అడుగున తడి మాత్రం ఉంది.

ఒక సంగతి ఈ కాగితానికి చెబుతాను.

పైడి తెప్ప ఎక్కే ముందు నాకు ఫోను చేసింది. ఏడవలేదు. గొంతు ఎక్కడో బావి లోపల్నించి వస్తున్నట్టుంది. "అమ్మా, నేను అరవలేదే. ఎందుకు అరవలేదో నాకే తెలీట్లేదు. కాళ్ళూ చేతులూ నావి కావన్నట్టు అయిపోయాయి. పైన ఫ్యాను తిరుగుతుంటే దాన్నే చూస్తున్నాను" అంది. అరవలేదనేదే దాన్ని తినేసింది. విచారణలో కూడా అదే అడిగారట, ఎందుకు అరవలేదని.

అది పోయాక ఈ పెద్దలే వచ్చి, పైడి అరిచింది, మాకు వినబడలేదు, మమ్మల్ని క్షమించమన్నారు. నేను చెప్పాను, అరవలేదు బాబూ అని. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "మీరు దుఃఖంలో ఉన్నారమ్మా" అన్నాడు. తర్వాత రాతి పలక మీద చెక్కించారు, అరిచింది అని.

గవరయ్య వల కుడుతుంటే అడిగాను. "తమ్ముడా, నేను ఆదివారం ఉన్నది ఉన్నట్టు చెబితే ఏటవుద్ది?"

వాడు సూది ఆపాడు. "ఏటి చెబుతావు?"

"నా గుంట పైడి అరవలేదని. భయపడి బిగుసుకుపోయిందని. ఈ పూస దాని మెడలో ఉన్నా వెలిగేది కాదని."

"అప్పా, నువ్వలా అంటే ఆ పేరు ఉంచుతారేటి? గోడల్లోంచి పీకేస్తారు. సాయంత్రం నువ్వు గిన్నెట్టుకుని కూకుంటే ఏటి వినిపిస్తాది? సముద్రం హోరు."

నేను వల చిరుగు అంచు బిగించి పట్టుకున్నాను.

"నీకున్నదే అది" అన్నాడు. వెటకారంగా కాదు. మళ్ళీ కుట్టుకున్నాడు.

శనివారం. మంచు లేదు.

బెల్లం పొంగలి వండి ఊర్మిళ గదికి తీసుకెళ్ళాను. గది తలుపు తీసే ఉంది. రెండో మంచం ఖాళీ. తోటి పిల్ల వేరే గదికి మారిపోయిందట.

"మెస్సుకి వెళ్ళట్లేదని చూసినవాళ్ళు చెప్పారు. తిను" అన్నాను.

"నాకు తీపి పడదు."

"అయితే కారం అనుకుని తిను."

కొంచెం నవ్వు వచ్చి ఆగింది. చెంచాతో గీతలు గీస్తూ కూర్చుంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"ఆంటీ, నాకు చేతులు లేవలేదు. గోడకి మేకు ఉంది, దానికి ఒక తాళంచెవి వేలాడుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను. అయిపోయాక వాడు తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు, పాట పాడుకుంటూ. అప్పుడు కొట్టుకుంది నా గుండె. బాత్రూంలో ఉండగా వెలిగింది. కాపలావాళ్ళు వచ్చారు. ఏమైందమ్మా అంటే నోరు రాలేదు. కాలు జారి ఉంటుంది అని రాసుకుని పోయారు."

"మీ అమ్మకి చెప్పావా?"

"చెప్పలేదు. పడవ దిగితే ఎలాగూ తెలుస్తుంది. అబద్ధాలకోరు అని చీటీ ఇస్తారుగా." చెంచా పక్కన పెట్టింది. "దీపం నా మెడలో కట్టారు. వాడి మెడలో ఏమీ కట్టలేదు. తప్పు ఎవరు చేస్తారనుకుని చేశారాంటీ ఇది?"

గిన్నె ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"నా కూతురు ఫ్యాను చూసింది" అన్నాను.

పిల్లకి అర్థం కాలేదు. అప్పుడు ఫోను సంగతి చెప్పాను. పైడి ఫోనులో అన్న మాటలు ఉన్నవున్నట్టు ఇంకో మనిషికి చెప్పడం అదే మొదలు. ఊర్మిళ వింటూ వింటూ నా కొంగు చివర పట్టుకుంది. పట్టుకున్నట్టు తనకే తెలీదు. పొంగలి చల్లారిపోయింది. తర్వాత చల్లదే తింది, గిన్నె ఖాళీ చేసింది.

ఆదివారం. మంచు చూడలేదు. వలలు గవరయ్య చూశాడు.

దీపం రోజు.

కొత్త చీర కట్టుకోలేదు. పైడి కొనిపెట్టిన పాతదే కట్టాను, అంచు కొంచెం చిరిగింది. పెద్ద హాలు నిండా పిల్లలు, పంతుళ్ళు. ముందు వరసలో కమిటీవాళ్ళు. ఊర్మిళ కనబడలేదు. రావద్దన్నారట.

ప్రిన్సిపాలు గారు ఆ మాటే చెప్పారు. ఆ రాత్రి పైడి అరిచింది. కాత్యాయని మేడం నా మెడలో పూస వేశారు. ఏటా తాంబాళం మోగేదాకా నిలబడితే చాలు. నేను మైకు దగ్గరికి నడిచాను. ఎప్పుడూ మాట్లాడని మనిషిని, అంతమంది మొహాలు చూసేసరికి గుండె కొట్టుకుంది. తాంబాళం మోగకముందే దీపం ఎర్రగా వెలిగింది. పిల్లలు నవ్వారు, చప్పట్లు కొట్టారు. దీపం అమ్మకి మైకంటే భయం అని ఎవరో అన్నారు.

"నిజమే బాబూ, మైకంటే భయమే. అందుకే వెలిగింది" అన్నాను. ఇంకా నవ్వారు.

అప్పుడు చెప్పాను.

"నా కూతురు అరవలేదు."

హాలులో నవ్వు ఆగిపోయింది. నేను రాసుకుని రాలేదు. ఫోనులో అది ఏ మాటలు అందో అవే అన్నాను. కాళ్ళూ చేతులూ నావి కావన్నట్టు అయిపోయాయి అమ్మా. ఫ్యాను తిరుగుతోంది అమ్మా. చెబుతుంటే నా వేళ్ళు చల్లబడిపోయాయి. హాలు దూరంగా జరిగిపోయినట్టయింది. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. కన్నతల్లిని, పిల్ల చివరి మాటలు చెబుతున్నాను, కన్నీళ్ళు కూడా రాలేదు.

చెప్పడం అయ్యింది. నా పక్కన కాత్యాయని మేడం నా మెడ వైపే చూస్తున్నారు. నేను తల వంచి చూసుకున్నాను.

దీపం ఆరిపోయి ఉంది.

"ఎప్పుడు ఆరింది?" అని మేడంని అడిగాను.

"అరవలేదు అన్నారు చూడండి, అప్పుడు" అన్నారు. మైకు పక్కనే ఉంది, అందరికీ వినబడింది.

"మైకు చూస్తే వెలిగింది. నా పిల్లకి జరిగింది చెబితే ఆరిపోయింది. దీని లెక్క ప్రకారం నాకేమీ జరగలేదన్నమాట" అన్నాను. పూస తీసి బల్ల మీద పెట్టాను. "ఊర్మిళ అనే పిల్లని దీని మాట పట్టుకుని రేపు పడవ ఎక్కిస్తున్నారు. ఆ పిల్ల మాట వినండి. పూస మాటే వింటామంటే, దాని మీంచి నా కూతురి పేరు తీసెయ్యండి."

తాంబాళం పట్టుకుని మూల నిలబడ్డ గవరయ్య దాన్ని మెల్లగా నేల మీద పెట్టేశాడు. చప్పుడు కాకుండా.

సోమవారం. మంచు పలచన. తొట్లు సగం.

పడవ వచ్చింది, వెళ్ళింది. ఊర్మిళ ఎక్కలేదు. ఆ అబ్బాయి ఎక్కాడు. విచారణ తేలేదాకా ఇంటి దగ్గరుండి పాఠాలు వినమన్నారట. రాత్రికి రాత్రి కాత్యాయని మేడం తన పేరుతో రాసిచ్చారు, దీపాన్ని సాక్ష్యంగా తీసుకుంటే తను ఉద్యోగం మానేస్తానని. ఇంకా కొందరు పంతుళ్ళు ఆ కాగితం మీద సంతకం పెట్టారు. అందరూ పెట్టలేదు.

ప్రిన్సిపాలు గారు నన్ను పిలిచారు. కూర్చోమన్నారు. ఊర్మిళ మాట మళ్ళీ మొదట్నించీ వింటారట, మనుషులే వింటారట. పూసలు మాత్రం తీసెయ్యలేం, అది పైవాళ్ళ ఒప్పందం, మాకు చేతకాదు అన్నారు. "పేరు సంగతి మా చేతిలోనే ఉంది. మీరన్నట్టు తీసేస్తాం. ఇంకోసారి ఆలోచించుకుంటారా అమ్మా?"

ఆలోచించాను. ఆయన బల్ల మీద పేపరువెయిటు ఉంది, గాజుది, లోపల చేపపిల్ల బొమ్మ. దాన్నే చూస్తూ ఆలోచించాను.

"తీసెయ్యండి" అన్నాను.

సందెవేళ గిన్నె పట్టుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. అలవాటు. పిల్లలు దాటారు. గోడ "దీపం నీకు తోడుంది" అంది. ఒక్కో పిల్లకీ అంతే అంది. ముందు మాట లేదు.

పిల్లలు కూడా నన్ను ఏమని పిలవాలో తెలియక తల ఊపి పోయారు. గవరయ్య వచ్చి కింద మెట్టు మీద కూర్చున్నాడు. ముందే చెప్పానుగా అనలేదు. సముద్రం హోరు బాగా వినిపించింది.

బుధవారం. మంచు చిక్కగా ఉంది. తొట్లు నిండాయి.

విచారణ ఈరోజు. విచారణ గది బయట ఊర్మిళ ఎవరినైనా కూర్చోబెట్టుకోవచ్చన్నారు. నన్ను అడిగింది. వలల పని తొందరగా ముగించి వెళ్ళాను. చేతుల నిండా ఉప్పు, కడుక్కోవడానికి టైము లేదు.

బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు వేసేశారు. లోపల మాటలు వినబడవు, గొంతులు మాత్రం వినబడతాయి. పైడి కూడా ఈ తలుపు లోపలికే వెళ్ళింది. అప్పుడు ఈ బల్ల మీద ఎవరూ లేరు. నేను మా ఊళ్ళో గట్టు మీద ఉన్నాను, ఆ రోజు దానికి విచారణ అని కూడా నాకు తెలీదు. బల్ల చెక్క ఒకచోట అరిగి నునుపుగా ఉంది. అక్కడ చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

లోపల ఊర్మిళ గొంతు మధ్యలో ఆగింది. చాలాసేపు ఆగింది. ఎవరూ తొందర పెట్టలేదు. మళ్ళీ మొదలైంది.

మొన్నట్నించీ పైడి పేరు ఎవరి నోటా వినలేదు. గోడలు అనవు. మనుషులు నా ముందు అనరు, బాధపడతానని. వరండాలో ఎవరూ లేరు కదా అని నేనే ఒకసారి అన్నాను, పైడీ అని. మామూలుగా, అన్నానికి పిలిచినట్టు. ఆ పిలుపు బయట మంచులో కలిసిపోయింది.

మధ్యాహ్నం దాటాక తలుపు తీశారు. ఇంకా అవలేదు, రేపు కూడా ఉందట. ఊర్మిళ బయటికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది, కానీ నడక గట్టిగానే ఉంది. కాత్యాయని మేడం వెనకనించి నాకు తల ఊపారు.

పిల్ల నా ముందు నిలబడి ఒక్క క్షణం తడబడింది. దీపం అమ్మా అనలేదు. ఆంటీ అనలేదు. మా ఊళ్ళో నీళ్ళు రాకముందు, వీధిలో అందరూ నన్ను ఎలా పిలిచేవారో ఆ పిల్లకి నేనెప్పుడూ చెప్పలేదు.

"పైడి వాళ్ళమ్మా, ఆకలేస్తోంది. వెళ్దామా?" అంది.

లేచాను. వెళ్ళి అన్నం వండాను.